చిల్లర డబ్బాలో, అమ్మమ్మ పెట్టెలో: మన పాత నాణేలను చదవడం ఎలా?

పెట్టె తెరిచిన రోజే చాలామంది ఒక పని చేస్తారు. నల్లబడిన వెండి రూపాయిని పళ్లపొడితో, చిలుము పట్టిన కాణీని చింతపండుతో తోమేసి, తళతళలాడుతుంటే మురిసిపోతారు. నేనూ తోమాను. అమ్మమ్మ ట్రంకు పెట్టెలో దొరికిన 1907 నాటి ఎడ్వర్డ్ రూపాయి అది. రెండేళ్ల తర్వాత నాణేలు పోగుచేసే ఒక పెద్దాయనకు గర్వంగా చూపిస్తే, లైటు కింద అటూ ఇటూ వంచి చూసి, "ఎవరు తోమారు బాబూ దీన్ని?" అని మాత్రం అడిగారు. రాజుగారి చెంప మీద సన్నసన్నటి గీతలు, స్టీలు గిన్నెను పీచుతో రుద్దినట్టు. అప్పటిదాకా నా కంటికి అవి ఆనలేదు. ఆ తర్వాత ఇంకేమీ కనిపించలేదు.

కాబట్టి ఇది మొదటి మెట్టు కన్నా ముందున్న మెట్టు: దేన్నీ తోమకండి, కడగకండి, గుడ్డతో రుద్దకండి. ఆ నలుపు మురికి కాదు, వెండి గాలితో కలిసి ఏళ్ల తరబడి కట్టుకున్న పొర. తీసేస్తే అలాంటిది మళ్లీ తేలిగ్గా రాదు. కొనేవాళ్లు మొదట చూసేది ఆ పొర చెక్కుచెదరకుండా ఉందా అనే.

ఇక్కడ చెప్పేదంతా మన దేశపు నాణేల గురించే. ఇంట్లో పెద్దవాళ్లు వదిలివెళ్లిన మూట ఒకటి, రోజూ జేబులోకి వచ్చే చిల్లర ఒకటి. రెండూ ఒకే పద్ధతిలో చూడొచ్చు. ఖర్చు పెద్దగా లేదు, ఓపిక మాత్రం కావాలి.

పెట్టెను కదపక ముందు

మూట విప్పే ముందు ఒక ఫొటో తీయండి. విప్పాక ఇంకొకటి. ఏ నాణెం దేనిలో చుట్టి ఉంది, ఏవి కలిసి ఉన్నాయి అన్నది ఆ ఒక్క రోజే తెలుస్తుంది. ఒక్కో గుడ్డలో చుట్టినవి ఒక్కో సందర్భానికి చెందినవై ఉంటాయి: పెళ్లిలో చదివించినవి, జీతంలో దాచుకున్నవి, పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. వాళ్లు చెప్పింది చీటీ మీద రాసి ఆ నాణేలతోనే పెట్టండి. నాణెం మీద ఉన్న సంవత్సరాన్ని ఎప్పుడైనా చదువుకోవచ్చు, ఆ మాట మళ్లీ దొరకదు.

ఇంకో సంగతి. పెట్టె మీ ఒక్కరిదే కాకపోతే, అక్కచెల్లెళ్లకు అన్నదమ్ములకు ముందే చెప్పి, అందరి ఎదుట లెక్కపెట్టి జాబితా రాసుకోండి. "వాటిలో బంగారం ఉందట, మాకు చెప్పలేదు" అనే మాట పదేళ్ల తర్వాత కూడా వస్తుంది.

సరంజామా

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, గ్రాములో నూరో వంతు వరకు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, కాగితంలో చుట్టిన చిన్న అయస్కాంతం, మెత్తటి మందపాటి గుడ్డ, ఒక నోటుబుక్కు. ఇవి చాలు. గుడ్డ దేనికంటే, నాణెం చేయి జారితే గచ్చు మీద పడకుండా. పట్టుకునేటప్పుడు ఎప్పుడూ అంచులే పట్టుకోవాలి. బొమ్మ మీద బొటనవేలు పడితే ఆ ముద్ర కొన్ని నెలలకు మచ్చగా తేలుతుంది, ముఖ్యంగా రాగి మీద.

కుప్పలు పోయడం

అన్నీ ఒకేసారి చూడాలనుకుంటే తల తిరుగుతుంది. ముందు కాలాన్నిబట్టి కుప్పలు పోయండి. మన ఇళ్లలో దొరికేవి దాదాపు అన్నీ ఐదారు కుప్పల్లో సరిపోతాయి.

మొదటిది, రాజు తలో రాణి తలో ఉన్నవి. ఈస్టిండియా కంపెనీ 1835లో దేశమంతటికీ ఒకే రకం రూపాయిని తెచ్చింది. దాని మీద నాలుగో విలియం తల ఉంటుంది. తర్వాత విక్టోరియా, 1903 నుంచి ఏడో ఎడ్వర్డ్, 1911 నుంచి ఐదో జార్జ్, ఆపైన ఆరో జార్జ్. విక్టోరియా నాణేల మీద 1876 దాకా 'క్వీన్' అని, 1877 నుంచి 'ఎంప్రెస్' అని ఉంటుంది. 1862 సంవత్సరంతో ఉన్న రూపాయి దొరికితే ఎగిరి గంతేయకండి. ఆ ఏడాది తర్వాత పన్నెండేళ్ల పాటు అదే సంవత్సరాన్ని మార్చకుండా ముద్రిస్తూ పోయారు. సంవత్సరం చుట్టుపక్కల ఉన్న చిన్న చుక్కల లెక్కను బట్టి రకాలు తేలుస్తారు. అది తర్వాతి తరగతి పాఠం.

ఈ కుప్పలోనే తెలుగువాళ్లకు ఒక ముచ్చట ఉంది. ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జ్ కాలపు అణాను చూడండి, అంచులు వంకీలు తిరిగి ఉండే తెల్లటి బిళ్ల. దాని వెనకవైపు ఇంగ్లిష్ అంకె చుట్టూ నాలుగు లిపుల్లో విలువ రాసి ఉంటుంది, అందులో తెలుగు ఒకటి. భూతద్దం పెట్టి 'అణా' అన్న ఆ చిన్న అక్షరాలు చదివినప్పుడు నాకైతే ఒళ్లు ఝల్లుమంది. ఆ బిళ్లకు పెద్ద ధర రాదు. అయినా నా దగ్గరున్న వాటిలో నేను ఎక్కువసార్లు తీసి చూసేది దాన్నే.

రెండోది, 1950 ఆగస్టు 15 నుంచి వచ్చిన గణతంత్ర భారత అణాల వరుస. ఒకవైపు నాలుగు సింహాలు, ఇంకోవైపు కాణీ మీద గుర్రం, అణా మీద ఎద్దు, రూపాయి మీద ధాన్యపు కంకులు. లెక్క గుర్తులేని వాళ్లకు: రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. మనం పావలా అని ఇరవై ఐదు పైసలను ఇప్పటికీ అంటున్నామంటే అది ఈ లెక్క మిగిల్చిందే.

మూడోది, నయా పైసలు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద పైసల లెక్క వచ్చింది. జనం పాత పైసతో కలిపేసుకోకుండా 'నయా' అని పేరు పెట్టారు, కింద హిందీలో రూపాయిలో నూరో వంతు అని కూడా చెక్కారు. 1964 జూన్‌లో 'నయా' తీసేశారు. కాబట్టి 'నయా పైసా' అని ఉన్నదంటే అది 1957కూ 1964కూ మధ్యదే.

నాలుగోది సత్తు పైసలు. పైసా, రెండు, మూడు, ఐదు, పది పైసలు, గాలికి ఎగిరేంత తేలిక. ఇవి కిలోల లెక్కన ఉంటాయి ఇళ్లలో. సంవత్సరాలవారీగా ఒక్కోటి మంచివి ఏరుకుని మిగతావి పిల్లలకు ఇవ్వొచ్చు. 2011 జూన్ 30తో 25 పైసలు, అంతకన్నా చిన్నవి చెల్లకుండా పోయాయి. అర్ధ రూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, షాపువాళ్లు ఏమన్నా సరే.

ఐదోది ఇప్పటి చిల్లర. ఆరోది, ఏమిటో అర్థం కానివన్నీ. ఆ ఆరో కుప్ప గురించి తర్వాత చెప్తాను, మోసాలు అందులోనే ఉంటాయి.

మధ్యలో చిల్లు ఉన్న కాణీ కనిపిస్తే పాడైందని పక్కన పెట్టకండి. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం కరువై, 1943 నుంచి అలా చిల్లుతోనే ముద్రించారు.

వెండా, కాదా?

అందరికీ ఆత్రం ఇక్కడే. మా ఇంటి పక్కన ఉండే ఒక అక్క ఒకసారి చేతిరుమాలులో కట్టుకుని పదకొండు రూపాయి బిళ్లలు తెచ్చింది. ఒకవైపు ఆరో జార్జ్ తల, ఇంకోవైపు నడుస్తున్న పులి, 1947 సంవత్సరం. "మా అత్తగారు ఇచ్చిన వెండి" అంది. నేను అయస్కాంతం తీసి దగ్గరకు పెట్టాను. టక్కున అతుక్కుంది. రెండోదీ అతుక్కుంది. మూడోది పెట్టబోతే ఆవిడే నా చేయి పట్టుకుని "చాల్లే తమ్ముడూ" అంది.

వెండి అయస్కాంతానికి అంటుకోదు. 1947లో వచ్చిన ఆ పులి బొమ్మ రూపాయి, 1946, 1947లో వచ్చిన పులి బొమ్మ అర్ధ రూపాయి, పావలా నికెల్‌వి. నికెల్ గట్టిగా అంటుకుంటుంది. 1950 నాటి గణతంత్ర రూపాయి కూడా నికెలే. ఇప్పుడు వాడే స్టీలు బిళ్లలూ అంటుకుంటాయి. రాగి-నికెల్ కలిపి చేసినవి, ఉదాహరణకు 1975 తర్వాతి పెద్ద రూపాయి బిళ్ల, అంటుకోవు. అంటే అంటుకుంటే వెండి కాదని ఖాయం, అంటుకోకపోతే వెండేనని మాత్రం కాదు. అందుకే తూకం.

బ్రిటిష్ రూపాయి బరువు 11.66 గ్రాములు. ఈ అంకె ఎక్కడో విన్నట్టుందా? అదే పాత తులం. రూపాయి బరువే తులమైంది. అర్ధ రూపాయి 5.83, పావలా 2.92. అరిగిన బిళ్ల కాస్త తగ్గుతుంది. కానీ 11 గ్రాముల కన్నా తక్కువ తూగి, బొమ్మ మాత్రం కొత్తగా ఉంటే అనుమానించండి. అరగకుండా బరువు తగ్గదు కదా.

ఆ తర్వాత సంవత్సరం. 1939 వరకు వచ్చిన రూపాయిలో పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. యుద్ధం వచ్చి వెండికి కటకట పడ్డాక 1940 నుంచి 1945 దాకా సగం వెండే. అంటే 1919 రూపాయిలో దాదాపు 10.7 గ్రాముల వెండి ఉంటే, అంతే బరువున్న 1944 రూపాయిలో 5.83 గ్రాములే. రెండూ పక్కపక్కన పెట్టి "అన్నీ తులం రూపాయిలేగా" అని ఒకే ధరకు ఇచ్చేసే వాళ్లను చూశాను. 1939 అని ఉన్న ఆరో జార్జ్ రూపాయి దొరికితే మాత్రం ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టండి. అది నిజంగా అరుదు, అందుకే దానికి నకిలీలూ ఎక్కువే.

ఐదో జార్జ్ 1911 రూపాయిది ఇంకో కథ. రాజు అంగీ మీద గొలుసులో ఒక ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911లో ఆ ఏనుగు తొండం పొట్టిగా, పంది మూతిలా వచ్చింది. జనంలో గొడవ లేచింది, ప్రభుత్వం దాన్ని ఆపి 1912లో తొండం సరిచేసి మళ్లీ ముద్రించింది. 1911 రూపాయినీ, తర్వాతి దాన్నీ పక్కపక్కన పెట్టి భూతద్దంలో ఆ ఏనుగును చూడండి. ఒక్క మిల్లీమీటరు లోహం ఎంత రభస చేసిందో తెలుస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాతి వెండి తక్కువే. 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల బిళ్ల 15 గ్రాములు, నూటికి 80 పాళ్లు వెండి. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన పది రూపాయల బిళ్లలో సగం వెండి. గాంధీ బొమ్మ ఉన్న ఇరవై పైసలు కూడా 1969దే, అది ఇత్తడి రంగులో ఉంటుంది. దాని తోటిదైన తామరపువ్వు ఇరవై పైసల్లో బంగారం కలిసిందని ఒక వదంతి ఏళ్లుగా తిరుగుతోంది. అది ఇత్తడే.

నిజం బంగారం పెట్టెలో ఉంటే అది సవరన్ అనే బ్రిటిష్ బంగారు నాణెం కావచ్చు. 22 క్యారెట్లు, 7.98 గ్రాములు, అంటే మన కాసు. 1918 సవరన్ ఉంటే వెనకవైపు గుర్రం బొమ్మ కింద నేల గీత మీద, సంవత్సరానికి పైన 'ఐ' అనే ఇంగ్లిష్ అక్షరం కోసం చూడండి. ఉంటే అది ఆ ఒక్క ఏడాదే బొంబాయిలో ముద్రించినది.

మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయిలు చాలా ఇళ్లలో ఉంటాయి. కొక్కెం తీసేసినా, పైఅంచున టంకం మచ్చ ఉండిపోతుంది. వాటికి వెండి ధరే వస్తుంది, నాణెం ధర రాదు. అవి నగగానే ఉండనివ్వండి.

సంవత్సరం కింద చూడండి

ఇక జేబు చిల్లర. రోజూ సాయంత్రం జేబు ఖాళీ చేసేటప్పుడు ఒక పళ్లెంలో పోసి, ప్రతి బిళ్లనూ ఒకే చోట చూడటం అలవాటు చేసుకోండి: సంవత్సరం అంకెల కింద.

ఏ టంకశాలలో, అంటే ఏ ముద్రణాలయంలో పుట్టిందో చెప్పే గుర్తు అక్కడే ఉంటుంది. ఏమీ లేకపోతే కోల్‌కతా టంకశాల. డైమండ్ ఆకారం ఉంటే ముంబై. నక్షత్రం ఉంటే హైదరాబాద్. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఇంతే, ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. పాత హైదరాబాద్ నాణేల మీద నక్షత్రానికి బదులు నిలువునా చీలిన డైమండో, మధ్యలో చుక్క ఉన్న డైమండో ఉంటుంది. అవి చూసి ముంబై అనుకోవడం మొదట్లో అందరూ చేసే పొరపాటే. బ్రిటిష్ చివరి రోజుల నాణేల మీద 'ఎల్' కనిపిస్తే అది లాహోర్.

ఈ నాలుగింటిలో ఏదీ కానిది కనిపిస్తే భూతద్దం తీయండి. 1980ల మధ్యలోనూ, 1990ల చివర్లోనూ మన టంకశాలలు చిల్లర గిరాకీని అందుకోలేక, ప్రభుత్వం బయటి దేశాల్లో ముద్రించి తెప్పించింది. 1985 రూపాయి మీద 'హెచ్' ఉంటే బర్మింగ్‌హామ్, పైసల మీద 'సి' ఉంటే కెనడా, 'ఎం' నెత్తిన చిన్న సున్నా ఉంటే మెక్సికో, 'ఎంకె' స్లొవేకియా, 'ఎంఎండి' మాస్కో. నక్షత్రం చివరి అంకెల కింద కాకుండా మొదటి అంకె కిందికి జరిగి ఉంటే హైదరాబాద్ అని రాసేయకండి, అది కొరియా పని. పాల ప్యాకెట్‌కు ఇచ్చిన చిల్లరలో మాస్కో ముద్ర దొరికిన రోజు మా ఇంట్లో నేను చేసిన హడావుడి ఎవరికీ అర్థం కాలేదు.

మొదటి లక్ష్యంగా 1992 నుంచి 2004 వరకు వచ్చిన చిన్న స్టీలు రూపాయిని పెట్టుకోమంటాను. నోటుబుక్కులో అడ్డంగా నాలుగు టంకశాలలు, నిలువుగా సంవత్సరాలు గీసుకుని, దొరికిన గడిలో టిక్కు పెట్టండి. కొన్ని గడులు ఎప్పటికీ ఖాళీగానే ఉంటాయి, ఎందుకంటే ప్రతి టంకశాలా ప్రతి ఏడాదీ అన్నీ ముద్రించదు. ఆ ఖాళీల్లో ఏవి మీకు దొరకనివి, ఏవి అసలు పుట్టనివి అని తేల్చుకోవడానికి నాణేల కేటలాగ్ అప్పుడు పనికొస్తుంది. ముందే కొనకండి.

రెండో లక్ష్యం రెండు రూపాయల బిళ్లలు. పదకొండు అంచులున్న పాత బిళ్లల్లో ఎక్కువ వాటి మీద భారతదేశ పటం ఉంటుంది. అదే ఆకారంలో వచ్చిన స్మారక నాణేలు వేరు: సుభాష్ చంద్రబోస్, సర్దార్ పటేల్, 1998లో చిత్తరంజన్ దాస్, అరవిందులు, 1999లో శివాజీ, 2000లో సుప్రీంకోర్టు, 2003లో రైల్వేల నూటయాభై ఏళ్లు. 2005-06లో గుండ్రటి స్టీలు రెండు రూపాయల మీద రెండు గీతలు అడ్డంగా నిలువుగా దాటుకునే గుర్తు వేశారు. అది శిలువలా ఉందని వివాదమైంది. 2007 నుంచి దాని బదులు రెండు వేళ్ల ముద్ర వచ్చింది. 2011లో రూపాయి గుర్తు చేరింది. 2022లో ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ చిహ్నంతో రూపాయి నుంచి ఇరవై రూపాయల దాకా ఒక వరుస వచ్చింది, అది ఇప్పుడే చిల్లరలో ఏరుకోవడం తేలిక.

పది రూపాయల బిళ్ల చెల్లదని ఎవరైనా అంటే నమ్మకండి. గీతలు పది ఉన్నవీ, పదిహేను ఉన్నవీ, అప్పటిదాకా వచ్చిన మొత్తం 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే చెప్పింది. సేకరణకు ఆ గందరగోళం మంచిదే, ఊళ్లో ఎవరూ తీసుకోని బిళ్లలు మీ దగ్గరకు వచ్చి పడతాయి.

బొమ్మా బొరుసూ సరిగా ఉన్నాయా?

మన నాణేన్ని సింహాలు నిలువుగా ఉండేలా రెండు వేళ్లతో పట్టుకుని, పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి. వెనక బొమ్మ కూడా నిలువుగానే కనిపించాలి. తలకిందులుగానో, బాగా పక్కకు ఒరిగో ఉంటే అచ్చు తిరిగిందని అర్థం. పక్కన పెట్టండి. బొమ్మ ఒకవైపు జరిగి ఖాళీ చంద్రవంక మిగిలినవి, అంచు కొరికినట్టు ఉన్నవి, రెండువైపులా ఒకే బొమ్మ ఉండి ఒకటి లోపలికి అద్దినట్టు ఉన్నవి కూడా అచ్చు తప్పులే.

అన్ని వింతలూ తప్పులు కావు. సుత్తితో కొట్టినవి, డ్రిల్లుతో తొలిచినవి, రైలు పట్టాల మీద పెట్టినవి అక్కడక్కడా తగులుతుంటాయి. తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న: ఈ లోపం అచ్చు పడేటప్పుడు జరిగిందా, పడిన తర్వాతా? అచ్చులో జరిగిన దానికి గీతలు, ఒత్తిడి మచ్చలు ఉండవు. లోపం ఉన్న చోట కూడా మెరుపు మిగతా నాణెం లాగానే ఉంటుంది.

చార్మినార్ ఉంటే

తెలంగాణ ఇళ్లలో హాలీ సిక్కాలు, అంటే నిజాం సంస్థానపు సొంత నాణేలు తరచూ దొరుకుతాయి. చార్మినార్ బొమ్మ ఉన్నవి మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మొదలై ఉస్మాన్ అలీ ఖాన్ కాలం దాకా వచ్చాయి. చార్మినార్ గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది: 'మీమ్' అయితే మహబూబ్, 'ఐన్' అయితే ఉస్మాన్. సంవత్సరం హిజ్రీ లెక్కలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. చుక్క సున్నా, నిలువు గీత ఒకటి, గుండ్రంగా మన సున్నాలా ఉన్నది ఐదు, ఇంగ్లిష్ 'వి' ఆకారం ఏడు, దాన్ని బోర్లిస్తే ఎనిమిది. వచ్చిన సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1337 అని ఉంటే 1919కి ఒక ఏడాది అటూ ఇటూ. ఇవి పుట్టిన సైఫాబాద్ పాత టంకశాలను 2022లో మ్యూజియంగా తెరిచారు. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక పూట పెట్టుకోండి.

ఆరో కుప్ప

రాముడి పట్టాభిషేకం, హనుమంతుడు, తామరపువ్వు, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1616, 1717, 1818, 1839 లాంటి సంవత్సరాలు, అర్ధణా అనో అణా అనో విలువ. ఇలాంటిది మీ పెట్టెలోనూ ఒకటి ఉండే ఉంటుంది. అది నాణెం కాదు. గుళ్ల దగ్గర, తిరునాళ్లలో అమ్మిన బిళ్ల. కంపెనీ అలాంటి అణాలు ముద్రించలేదు. 1616లో దాని దగ్గర దేశమంతా చెల్లే అణా వేసేంత అధికారమే లేదు.

కంపెనీ నాణేల మీద దేవుడి బొమ్మే లేదని కాదు, అదీ చెప్పాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1807 తర్వాత వచ్చిన వెండి పావు వరహా మీద ఒకవైపు గుడి గోపురం, ఇంకోవైపు విష్ణువు, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు ఉంటాయి. అది అసలైన నాణెం. పనితనంలో తిరునాళ్ల బిళ్లకూ దానికీ పోలికే ఉండదు.

బియ్యాన్ని లాగే రాగి నాణెం, విదేశీ కంపెనీ కోట్లు ఇస్తుంది, ముందు పరీక్ష ఖర్చులకు కొంత కట్టండి అని వచ్చే రైస్ పుల్లింగ్ బేరం నూటికి నూరుపాళ్లు మోసం. పోలీసు కేసులు ఎన్ని అవుతున్నా ఆగడం లేదు. దాని తమ్ముడే ఫోన్లో తిరిగే ప్రకటన: వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ల ఉంటే లక్షలు. ఆ బిళ్ల 2012లో చెలామణికి వచ్చిన స్మారక నాణెం, ఇప్పటికీ చిల్లరలో దొరుకుతుంది. నంబరుకు ఫోన్ చేస్తే రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను, కమిషన్ అంటారు, కొందరు రిజర్వ్ బ్యాంక్ పేరు కూడా వాడతారు. పాత నాణేల అమ్మకాల్లో తమకు సంబంధమే లేదని, ఏ ఫీజూ వసూలు చేయడం లేదని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో ప్రకటించింది. నాణెం కొనేవాడు మీకు డబ్బివ్వాలి, మీ దగ్గర అడగడమేమిటి?

దాచడం

ఇంట్లో దొరికే మెత్తటి ప్లాస్టిక్ పాకెట్ల ఆల్బమ్ వద్దు. పీవీసీ ప్లాస్టిక్ కొన్నేళ్లకు జిగురులా కారి, నాణెం మీద పచ్చటి పొర పడుతుంది. మైలార్ అనే పారదర్శక పొర కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు వాడండి, మంచి వాటికి గట్టి క్యాప్సూళ్లు. రబ్బరు బ్యాండు వెండిని నల్లబరుస్తుంది, దగ్గరకు రానివ్వకండి. డబ్బాలో రెండు సిలికా జెల్ పాకెట్లు పడేయండి. పచ్చటి జిగురు ఇప్పటికే పట్టి ఉంటే స్వచ్ఛమైన ఎసిటోన్‌లో కాసేపు ముంచి, రుద్దకుండా ఆరనివ్వొచ్చు. గోళ్ల రంగు తీసే ద్రవం అది కాదు, అందులో రంగూ నూనే కలుస్తాయి. ఈ పని కిటికీ దగ్గర, పొయ్యికి దూరంగా చేయండి. అయినా మొదటి ఆరు నెలలు ఏదీ కదపకపోతేనే మంచిది.

చట్టం, అమ్మకం

నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దేశంలో మీ దగ్గర ఉంచుకోవచ్చు, విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న మనవడికి పార్సిల్లో విక్టోరియా రూపాయి పంపాలనుకునే తాతయ్యలు ఇది గమనించాలి. భూమిలో దొరికింది ఇంకో లెక్క: పొలం దున్నుతుంటే బయటపడిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 చట్టం చెబుతుంది. దాచుకుంటే నేరం. చెలామణిలో ఉన్న నాణేల్ని కరిగించడమూ నేరమే.

అమ్మాలనుకుంటే కనీసం ముగ్గురికి చూపించండి, ముగ్గురు చెప్పిన ధరలూ రాసుకోండి. మొదటివాడు "మొత్తం మూటకి ఇంత" అంటే ఇవ్వకండి. వెండి బరువుకు ఎంతొస్తుందో మీరే లెక్కేసుకుని వెళ్లండి, అంతకన్నా తక్కువ చెప్పేవాడితో మాట్లాడే పని లేదు. చిల్లరలో ఏరినవాటికి ముఖవిలువ కన్నా ఎక్కువ వచ్చేది ఏ వందలోనో ఒకటి. అందుకే గడి నిండిన రకం రెండోసారి దొరికితే నేను మర్నాడు పొద్దున బస్సులో కండక్టరు చేతిలో పెట్టేస్తాను, ఆయన తిరిగి ఇచ్చే చిల్లర తీసుకుని సంవత్సరం కింద చూస్తాను.